జట్టు – మెట్టు

సాయంకాలం తరగతులు ముగియగానే బాచుపల్లి రహదారి మీద కళాశాల బస్సులు బారులు తీరుతాయి. ఒకప్పుడు పొలాలు, చెరువులు మాత్రమే కనిపించిన ఈ ప్రాంతంలో 1995లో వల్లూరుపల్లి నాగేశ్వరరావు విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల, 1997లో గోకరాజు రంగరాజు ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. తరువాత సైబరాబాదు విస్తరించి, అంతస్తుల భవనాలు వాటిని చుట్టుముట్టాయి. బస్సులు వెళ్ళిపోయిన తరువాత కూడా ఇటువంటి కళాశాలల మైదానాలలో కొద్దిమంది విద్యార్థులు మిగిలిపోతారు. వారు ఫుట్‌బాల్ ఆడేవారు. చీకటిపడే లోపల దొరికే గంట, గంటన్నర సమయమే వారి సాధన.

వారు ఎంత బాగా ఆడుతున్నారన్నది ఒక ప్రశ్న. ఎవరితో ఆడుతున్నారన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి సమాధానం వారి కాళ్ళలో ఉన్నది. రెండవదానికి సమాధానం మాత్రం వారి చేతిలో లేదు. అది వారి కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఉన్నదో, వారి నగరంలోని క్లబ్బు ఏ లీగులో ఉన్నదో, ఆ లీగును నడిపేవారు ఏ ఒప్పందం కుదుర్చుకున్నారో, వాటిపై ఆధారపడి ఉంటుంది. మధ్యస్థాయి జట్టు ఒకటి తానున్న పోటీవర్గాన్ని విడిచి పైవర్గానికి పోవాలా, ఉన్నచోటనే నిలవాలా అన్న చర్చ క్రీడాలోకంలో ఎడతెగనిది. హైదరాబాదు ఫుట్‌బాల్ ఈనాడు సరిగ్గా ఈ చర్చ నడుమ నిలిచి ఉన్నది.

ఈ చర్చకు పెట్టింది పేరు అమెరికా. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో, ఎక్కువగా చేతులతో ఆడే వేరొక ఆట. దానిని ఆడే విశ్వవిద్యాలయాలు కొన్ని కొన్ని కలిసి కూటములుగా ఏర్పడతాయి. ఆ కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. ఒక కూటమిలోని జట్లు ప్రధానంగా తమలో తాము ఆడుకుంటాయి. టెలివిజన్ సంస్థలు చెల్లించే సొమ్మును కూటమి తన సభ్యులకు పంచుతుంది. ఒకప్పుడు ఇరుగుపొరుగు రాష్ట్రాల విద్యాలయాలే ఒక కూటమిగా ఉండేవి. సొమ్ము పెరిగిన కొద్దీ ఇరుగుపొరుగు అన్న మాటకు అర్థం మారింది. పసిఫిక్ తీరంలో 1915 నుండి వేళ్ళూనుకున్న పన్నెండు జట్ల కూటమి నుండి 2024లో పది జట్లు ఒకేసారి వెళ్ళిపోయాయి. మిగిలినవి రెండే. వెళ్ళిన వాటిలో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు చేరినది అట్లాంటిక్ తీరపు కూటమిలో. పడమటి సముద్రం ఒడ్డున ఉన్న జట్టు తూర్పు సముద్రం పేరు పెట్టుకున్న కూటమిలో ఆడడం వినడానికి వింతగా ఉంటుంది. ఆ వింత వెనుక ఉన్నది మాత్రం పాత లెక్కే: ఆదాయం ఎక్కడ ఎక్కువ, ప్రయాణం ఎంత, గెలిచే అవకాశం ఎంత.

భారతదేశంలో విద్యాలయాల క్రీడలకు అటువంటి సొమ్ము లేదు. కాబట్టి కూటములు మార్చే తొందర కూడా లేదు. అయినప్పటికీ పోటీవర్గాలు ఇక్కడా మారుతూనే ఉన్నాయి. అవి క్రీడల కోసం కాక, పరిపాలన కోసం మారుతున్నాయి. ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలు మొదట అంతర్ కళాశాలల పోటీలలో తలపడతాయి. వాటిలో రాణించిన ఆటగాళ్ళ నుండి విశ్వవిద్యాలయపు జట్టును ఎంపిక చేస్తారు. 1925లో ఏర్పడిన సంస్థ నేడు భారత విశ్వవిద్యాలయాల సంఘంగా కొనసాగుతున్నది. అది దేశాన్ని మండలాలుగా విభజించి పోటీలు జరుపుతుంది. హైదరాబాదు జట్లు దక్షిణ మండలంలో ఆడతాయి. అక్కడ గట్టెక్కినవారు అఖిల భారత స్థాయికి చేరుకుంటారు.

1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో విడిపోయినప్పుడు హైదరాబాదు, కాకినాడ, అనంతపురం పేర్లతో వేర్వేరు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి.  ఫుట్‌బాల్ గురించి ఆ రోజున ఎవరూ ఆలోచించి ఉండరు. కాని ఒక విశ్వవిద్యాలయం బదులు మూడు ఏర్పడినప్పుడు ఒక జట్టు బదులు మూడు జట్లు ఏర్పడతాయి. పదకొండు స్థానాలు ముప్పైమూడు అవుతాయి. అవకాశం పెరుగుతుంది, అదే సమయంలో ఒక్కొక్క జట్టు బలం పలచబడుతుంది. ఈ రెండింటిలో ఏది మేలు అన్నది ఆటగాడి స్థాయిని బట్టి ఉంటుంది. పన్నెండవ స్థానంలో నిలిచిపోయే విద్యార్థికి విభజన వరం. మొదటి మూడు స్థానాలలో ఉన్నవానికి అది నష్టమే, ఎందుకంటే పక్కన ఆడే మంచి సహచరులు వేరే జట్టుకు పోయారు.

బాచుపల్లికి సమీపంలోని బహదూర్‌పల్లిలో ఇదే మార్పు మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడ 2014లో ఇంజనీరింగు కళాశాలగా మొదలైన మహీంద్రా సంస్థ 2020లో ప్రైవేటు విశ్వవిద్యాలయంగా మారింది. అదే సంవత్సరం తెలంగాణలో మరికొన్ని కళాశాలలు కూడా విశ్వవిద్యాలయాలు అయ్యాయి. స్వయంప్రతిపత్తి పొందిన కళాశాల తన పాఠ్యప్రణాళికను తానే రూపొందించుకుంటుంది గాని, అనుబంధాన్ని వదులుకోదు. దాని జట్టు పాత పోటీలలోనే ఆడుతుంది. విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ సంగతి వేరు. దాని జట్టుకు అంతర్ కళాశాలల పోటీ అనే మెట్టు ఇక ఉండదు. నేరుగా దక్షిణ మండలానికి వెళ్ళవచ్చు.

వినడానికి ఇది పెద్ద గౌరవం. ఆచరణలో ఒక చిక్కు ఉన్నది. అంతర్ కళాశాలల పోటీలలో చుట్టుపక్కల కళాశాలలతో ఆడవచ్చు, ఓడినా మరుసటి నెలలో మరొక స్నేహపూర్వక పోటీకి బస్సులో పోయి రావచ్చు. మండల స్థాయి పోటీ ఏ కేరళలోనో తమిళనాడులోనో జరుగుతుంది. అక్కడ తొలి దశ ఓడినవారు తిరుగుముఖం పట్టే పద్ధతి. దూరపు రైలు ప్రయాణం చేసి, తొంభై నిమిషాలు ఆడి, మళ్ళీ అంత దూరం ప్రయాణం చేసి వచ్చే జట్టుకు ఆ సంవత్సరం అంతటితో సరి. రెండు మూడు వేలమంది విద్యార్థులున్న ఒక్క ప్రాంగణం నుండి ఎంపికైన జట్టు, వందల కళాశాలల నుండి ఏరి కూర్చిన జట్టుతో తలపడవలసి వస్తుంది. దూరపు కొండలు నునుపు అన్న సామెత క్రీడలకు కూడా వర్తిస్తుంది.

కళాశాల ఆట ఎప్పుడూ ఇంత చిన్న వలయంలో తిరగలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పెద్దదిక్కుగా నిలిచిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని అక్కడి జట్టులో ఆడినవారే. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకున్నది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961 సంవత్సరాలలో సాధించింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు జట్టు 1956–57లోను, 1957–58లోను విజేత. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందిన భారత జట్టుకు, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిన జట్టుకు రహీం శిక్షకులు. ఆయన 1963లో మరణించారు.

ఆ రోజులలో లీగు మారాలా అన్న ప్రశ్నే లేదు. దేశవ్యాప్తంగా లీగు అనేది లేనే లేదు. పేరున్న టోర్నమెంట్లు ఉండేవి. జట్టు రైలెక్కి బొంబాయికో ఢిల్లీకో పోయి, రెండు మూడు వారాలు ఆడి, కప్పు తెచ్చుకునేది. ఆటగాడు పోలీసు శాఖలోనో బ్యాంకులోనో ఉద్యోగి. ఆడినన్ని రోజులు ఆడి, తిరిగి విధులలో చేరేవాడు. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగు మొదలైన తరువాత పరిస్థితి తారుమారైంది. నెలల తరబడి సొంత ఊరిలో ఒక ఆట, పరాయి ఊరిలో ఒక ఆట చొప్పున ఆడాలంటే ఆటే వృత్తి కావాలి. జీతాలు, శిక్షకులు, ప్రయాణాలు, మైదానం – అన్నింటికీ ఏడాది పొడవునా సొమ్ము కావాలి. ఉద్యోగుల జట్లకు అది మోయలేని బరువు. హైదరాబాదు వెనుకబడడానికి కారణాలు అనేకం చెబుతారు గాని, ఈ ఒక్క మార్పు చేసినంత నష్టం మరేదీ చేయలేదని చెప్పవచ్చు. పెద్ద కంపెనీల జట్లు కూడా నిలవలేకపోయాయి. ఆ లీగు మొట్టమొదటి విజేత అయిన పంజాబుకు చెందిన జేసీటీ జట్టు 2011లో మూతబడింది. అంతకు ముందు ఏడాదే మహీంద్రా యునైటెడ్ కూడా మూతబడింది.

2007లో జాతీయ లీగు ఐ–లీగ్‌గా మారింది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. పాతది గెలుపు ఓటములతో పైకి కిందికి జరిగే లీగు, కొత్తది ప్రవేశరుసుము చెల్లించి చేరే లీగు. ఒకే దేశంలో రెండు లీగులు పక్కపక్కన నడవడం వలన క్లబ్బులన్నిటికీ ఒకటే ప్రశ్న ఎదురైంది. ఒక్కొక్కటి ఒక్కొక్క సమాధానం చెప్పుకున్నది. 2013లో ఏర్పడిన బెంగళూరు ఎఫ్‌సి రెండుసార్లు ఐ–లీగ్ గెలిచి, 2017లో బిడ్డింగు ద్వారా సూపర్ లీగ్‌కు మారింది. 2018–19లో అక్కడ కూడా విజేతగా నిలిచింది. గోవాలోని పేరుమోసిన క్లబ్బులు మూడు 2016లో, కొత్త ఏర్పాటు తమకు అన్యాయం చేస్తుందని, ఐ–లీగ్ నుండే వైదొలిగాయి. మిజోరాం నుండి వచ్చిన ఐజ్వాల్ జట్టు కథ మరింత బాధాకరం. 2016–17లో మహామహులను ఓడించి ఐ–లీగ్ గెలిచింది. గెలిచినా పైమెట్టు లేదు. ఆట ద్వారా పైకి చేరే దారి అప్పటికి తెరుచుకోలేదు.

ఆ దారిని 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో కుదిరిన ప్రణాళిక తెరిచింది. దాని ప్రకారం 2022–23 నుండి ఐ–లీగ్ విజేత ప్రవేశరుసుము లేకుండానే సూపర్ లీగ్‌లోకి వెళ్ళవచ్చు. అయితే ఆసియా సమాఖ్య నిర్దేశించిన లైసెన్సు నిబంధనలు పాటించాలి. క్రీడాభివృద్ధి, మౌలిక వసతులు, సిబ్బంది, చట్టబద్ధత, ఆర్థిక స్థితి అన్నవి ఆ నిబంధనలలోని ఐదు విభాగాలు. ఆట గెలవడం ఒక ఎత్తు, ఈ కాగితాలు గెలవడం మరొక ఎత్తు.

సరిగ్గా ఇక్కడే హైదరాబాదు మళ్ళీ ఈ కథలోకి ప్రవేశిస్తుంది. ఘట్‌కేసర్ దగ్గర 1997 నుండి ఇంజనీరింగు కళాశాల నడుపుతున్న శ్రీనిధి విద్యాసంస్థల నుండి పుట్టినది శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్బు. 2015లో విశాఖపట్నం పేరుమీద బాలుర జట్లతో మొదలై, 2020లో ఐ–లీగ్ ప్రవేశానికి బిడ్డింగు గెలిచి, తరువాత హైదరాబాదుకు తరలివచ్చింది. నగరానికి పడమర, మొయినాబాద్ వైపున అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా అనే సొంత మైదానాన్ని ఏర్పరచుకున్నది. మన దేశంలో సొంత మైదానం ఉన్న క్లబ్బులను వేళ్ళ మీద లెక్కించవచ్చు. 2021–22లో తొలిసారి ఐ–లీగ్ ఆడి మూడవ స్థానం పొందింది. 2022–23లో రెండవ స్థానం, 2023–24లో మళ్ళీ రెండవ స్థానం. మొదటిసారి పంజాబ్ జట్టు, రెండవసారి కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ పైమెట్టు ఎక్కాయి. మెట్టు మీద ఒక కాలు మోపి రెండుసార్లు వెనుదిరిగిన జట్టు ఇది. 2024–25లో మొదటి రెండు స్థానాలలో లేదు.

పైమెట్టు మీద ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి శ్రీనిధి జట్టు దూరం పోవలసిన పని లేదు. గచ్చిబౌలి వైపు చూస్తే చాలు. 2019లో పుణె జట్టు స్థానంలో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సి మొదటి సంవత్సరం అట్టడుగున నిలిచింది. మూడవ సంవత్సరం విజేత అయింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన అంతిమ పోటీలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించింది. ఆ సీజన్‌లో బర్తొలోమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ చేశాడు. మరుసటి సంవత్సరం రెండవ స్థానం. ఆ పైన ఆర్థిక చిక్కులు చుట్టుకున్నాయి. జీతాల బకాయిలు పేరుకున్నాయి, కొత్త ఆటగాళ్ళ నమోదుపై అంతర్జాతీయ సమాఖ్య నిషేధం విధించింది, పేరున్నవారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. 2023–24లో జట్టు మళ్ళీ అట్టడుగుకు చేరింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. శిఖరం నుండి శూన్యం వరకు మూడే సంవత్సరాలు. ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఊరు విడిచిపోవచ్చునని హైదరాబాదు అభిమానులు ఆ విధంగా తెలుసుకున్నారు.

పైకి వెళ్ళిన ఇతర జట్ల అనుభవం కూడా మిశ్రమమే. పంజాబ్ జట్టు తన బాలుర శిక్షణాలయం బలంతో నిలదొక్కుకున్నది. నూరేళ్ళకు పైబడిన చరిత్ర గల మహమ్మదన్ స్పోర్టింగ్ 2024–25లో తొలిసారి ఆడి చివరి స్థానంలో నిలిచింది. అయినా కిందికి దిగలేదు, ఎందుకంటే సూపర్ లీగ్ నుండి కిందికి దిగే పద్ధతి అప్పటికి అమలులోకి రాలేదు. ఇందులో ఒక చిత్రమైన విషయం ఉన్నది. పైకి పోవడం కష్టం, పోయిన తరువాత పడిపోవడం అప్పటికి లేదు. ఇటువంటి ఏర్పాటులో మధ్యస్థాయి క్లబ్బు ఎప్పుడు పోయినా పరవాలేదు, కాని పోవడానికి సంవత్సరానికి ఒక్క చోటే ఉంటుంది.

పోవాలనేవారి వాదన బలమైనదే. రెండవ శ్రేణి లీగును చూసేవారు తక్కువ, ప్రాయోజకులు ఇంకా తక్కువ. ఆటగాడు బాగా ఆడితే వెంటనే పై లీగు జట్టు తీసుకుపోతుంది. ఖర్చు మాత్రం అనుకున్నంత తక్కువ కాదు. శ్రీనగర్ నుండి కోళికోడ్ వరకు, ఈశాన్య రాష్ట్రాల నుండి గోవా వరకు తిరగవలసిందే. ఇంత ఖర్చు చేసేటప్పుడు నలుగురూ చూసే చోట ఆడడం మేలు కదా అంటారు. హైదరాబాద్ ఎఫ్‌సి వెళ్ళిపోయిన తరువాత నగరానికి అగ్రశ్రేణి జట్టు లేదు. ఆ ఖాళీ నింపగలిగిన దగ్గరి జట్టు శ్రీనిధే.

ఉండాలనేవారు 2025 సంవత్సరాన్ని చూపిస్తారు. సూపర్ లీగ్‌ను నడిపే సంస్థకు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు 2010లో కుదిరిన పదిహేనేళ్ళ ఒప్పందం ఆ ఏడాది డిసెంబరుతో ముగియవలసి ఉండగా, కొత్త ఒప్పందం తేలక జూలైలోనే రాబోయే సీజన్‌ను నిలిపివేశారు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలు ఆపాయి. చివరకు 2026 ఫిబ్రవరి 14న, కుదించిన రూపంలో, లీగు మొదలైంది. ఎక్కవలసిన మెట్టే కదులుతున్నప్పుడు కాలు మోపడం ఎట్లా అన్నది వారి సందేహం. ఈ సందేహం న్యాయమైనదే గాని, అది ఎల్లకాలం నిలిచేది కాదు. లీగులు పడిలేస్తాయి. క్లబ్బుకు కావలసినది లేచినప్పుడు సిద్ధంగా ఉండడం.

సిద్ధంగా ఉండడం అంటే ఏమిటన్నదే అసలు విషయం. డెక్కన్ ఎరీనా చక్కని మైదానమే గాని కొద్దిమంది ప్రేక్షకులకే సరిపోతుంది. అగ్రశ్రేణి పోటీలకు గచ్చిబౌలి వంటి పెద్ద క్రీడాప్రాంగణం కావాలి. ఆ ప్రాంగణంలో 2024 సెప్టెంబరులో భారత్, సిరియా, మారిషస్ దేశాల మధ్య ఇంటర్‌కాంటినెంటల్ కప్పు జరిగింది. సిరియా గెలిచింది. అదే సంవత్సరం డిసెంబరు 31న అక్కడే సంతోష్ ట్రోఫీ అంతిమ పోటీ జరిగింది. ఆడినది బెంగాల్, కేరళ జట్లు. ఆతిథ్యం ఇచ్చిన తెలంగాణ సెమీఫైనల్ వరకు కూడా చేరలేదు. ఒకప్పుడు వరుసగా రెండేళ్ళు ఆ ట్రోఫీని గెలుచుకున్న నగరం, తన మైదానాన్ని మాత్రమే ఇవ్వగలిగింది.

ఆ లోటు లీగు మార్పుతో పూడేది కాదు. బెంగాల్, కేరళలలో జిల్లా లీగులు, పాఠశాల పోటీలు, కళాశాల పోటీలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఉంటాయి. కేరళలో కళాశాల జట్టు నుండి క్లబ్బు జట్టుకు పోయిన ఆటగాళ్ళు కొత్త కాదు. హైదరాబాదులో ఈ రెండింటి మధ్య వంతెన లేదు. కళాశాల పోటీలు చూడడానికి క్లబ్బు శిక్షకులు రారు, క్లబ్బు లీగులో ఆడడానికి కళాశాలలు హాజరు మినహాయింపు ఇవ్వవు. ఒక విద్యాసంస్థ నుండి పుట్టిన క్లబ్బే ఈ వంతెన కట్టడానికి తగినది. తన చుట్టూ ఉన్న ఇంజనీరింగు కళాశాలల నుండి ఏడాదికి నలుగురిని పరీక్షించి చూసినా ఐదేళ్ళలో ఇరవైమంది. సూపర్ లీగ్‌లో ఒక్క విదేశీ ఆటగానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం.

అందువలన శ్రీనిధి వంటి జట్టుకు పై లీగుకు పోవడం తప్పు కాదు. గెలిచి పోయే దారి తెరిచి ఉన్నంతకాలం ఆ దారిలో పోవలసిందే. బిడ్డింగు ద్వారా, అప్పు ద్వారా, మరొక ఊరి జట్టు స్థానం కొనుక్కుని పోవడం వేరు. గచ్చిబౌలిలో జరిగినది ఆ రెండవ పద్ధతిలో వచ్చిన జట్టుకే. పంజాబ్ నిలిచినది పిల్లల శిక్షణాలయం మీద. కప్పు గెలిచిన రోజున ఈ తేడా కనిపించదు. జీతాలు ఆలస్యమైన నెలలో కనిపిస్తుంది.

ఇక బాచుపల్లి మైదానంలో మిగిలిన విద్యార్థి సంగతి. అజీజ్‌నగర్‌లో ఎంపిక పోటీలు జరిగితే అతడు బాహ్యవలయ రహదారి మీదుగా నగరం పడమటి అంచు చుట్టి రావాలి. మియాపూర్ దాకా ఆటోలో పోతే మెట్రో దొరుకుతుంది గాని, ఆ మెట్రో మొయినాబాద్ వైపు పోదు. మరునాడు ఉదయం తొమ్మిదిన్నరకు ప్రయోగశాల తరగతి ఉంటుంది. హాజరు డెబ్బై ఐదు శాతం తప్పనిసరి. క్లబ్బు ఏ లీగులో ఉన్నా, కళాశాల ఏ విశ్వవిద్యాలయం కింద ఉన్నా, ఆ తరగతికి మినహాయింపు పత్రం మీద సంతకం చేసే అధ్యాపకుడు ఒకరు కావాలి.